గొడుగు పట్టిన అన్నకు దండాలు

లక్నవరం చెరువు గట్టు మీద శ్రావణమాసపు పెళ్లి. సరిగ్గా ముహూర్తానికి జల్లు అందుకుంటే, అడగకుండానే వచ్చి మా కెమెరాకు గొడుగు పట్టిన అన్నా, మీకు వేల దండాలు. పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు.

జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం వాన కోసం ఆగదు. మీరు గొడుగును గాలి వచ్చే వైపు వంచి, లెన్స్ ముందు తొడిగే హుడ్‌కు జానెడు పైన పట్టారు. కాస్త ముందుకు జరిగితే అంచు ఫ్రేములో పడుతుంది, వెనక్కి పోతే కారే నీళ్లు ఫ్లాష్ మీద పడతాయి. అంత ఓపిగ్గా పట్టేవాళ్లు అరుదు.

ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్‌కు చెరువు తేమ తగిలితే ఆవిరి పడుతుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. అందుకే జిప్పు తీయకుండా బ్యాగును అరగంట బయట ఉంచాలి. అంతసేపూ అది తడవకుండా కాపలా కాసిందీ మీరే.

సాయంత్రం పాలిథిన్ కవర్ చుట్టిన ఫ్లాష్‌ను జంట వెనకాల పట్టుకుని కూర్చున్నారు. ముందు నుంచి కొడితే చినుకులు తెల్ల మచ్చలవుతాయి. వెనక నుంచి వెలుగిచ్చి, సెకనులో 1/200 వంతు షట్టర్‌తో, చెట్ల నలుపు వెనక ఉండేలా తీస్తే ఒక్కో చినుకూ మెరుస్తుంది. ఆల్బమ్‌లో అందరూ ఆగి చూస్తున్నది ఆ ఫోటోనే.

దాని 12x18 అంగుళాల ప్రింటు మీకోసం తీసి ఉంచాం. పెళ్లివారింటికి ఒక్క కబురు పెట్టండన్నా.