ఆఖరి అంశం దాకా ఆడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇరవై రెండేళ్లుగా వీధి కూడళ్లలో బంతులు ఎగరేస్తూ, ఒంటిచక్రం సైకిల్ తొక్కుతూ బతుకుతున్నాను. ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు, అంతా ఈ పని మీదే. అయినా ఏ ఫారం నింపినా 'వృత్తి' అన్న గడి దగ్గర ఆగిపోతాను. 'ఇతరములు' అని రాయమంటారు. కొన్నిచోట్లయితే అడుక్కునేవాళ్ల కింద జమకట్టేస్తారు. దాని గురించే ఈ ఉత్తరం.

ఐదు బంతులు చేతికి అలవాటు కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. జనాన్ని నిలబెట్టడం నేర్చుకోవడానికి పదేళ్లు పట్టింది. ముందు నేల మీద తాడు గుండ్రంగా పరుస్తాను. అప్పటికి ఎవరూ ఉండరు. మొదట ఆగే మనిషి ఒక కాలు తను వెళ్లాల్సిన దారి వైపే పెట్టి ఆగుతాడు. నా చూపంతా ఆ కాలి మీదే. పలకరించి, ఒక బంతి చేతికిచ్చి, 'నేను అడిగినప్పుడు విసరండి' అంటే ఇక కదలడు. చేతిలో బంతి ఉందిగా! ఒకరు ఆగితే ఇద్దరు ఆగుతారు. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెడితే పెద్దవాళ్లు వెనక నిలబడక తప్పదు. జనం ఎడంగా ఉంటే నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకదు, అందుకే తాడు దాకా రమ్మని బతిమాలుకుంటాం. గాలి వీచినా, హారన్ మోగినా, పసిపాప ఏడ్చినా అప్పటికప్పుడు దాన్ని ఆటలో కలిపేసుకోవాలి.

డబ్బులు అడిగేది ఒక్కసారే, ఆఖరి అంశానికి ముందు. చూశాక, నచ్చితే, తోచినంత. ఆ అంశం అవగానే గుంపు అర నిమిషంలో విడిపోతుంది. ఆ అర నిమిషంలో టోపీలో పడిందే మా రోజు కూలి.

పోయిన నెల ఒకరోజు నలభై నిమిషాలు ఆడి, ఐదో బంతి చేతిలోకి తీసుకున్నాను. లాఠీ పట్టుకున్న ఒకాయన వచ్చి, తాడును బూటుతో పక్కకు నెట్టి, 'ఇక్కడ అడుక్కోకూడదు, పద' అన్నాడు. ముందు వరసలో ఒక పాప అప్పటికే గుప్పిట్లో నాణెం పట్టుకుని ఉంది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయింది. పోయిన డబ్బు మర్నాడు వస్తుంది. ఆ పాప ముందు ఆ మాట పడటం మాత్రం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఈ జమకట్టడం నిన్నటిది కాదు. ఇంగ్లండ్‌లో 1572 నాటి చట్టం గారడీవాళ్లనూ, ఊరూరా తిరిగి పాడేవాళ్లనూ దేశదిమ్మరుల జాబితాలో చేర్చింది. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం పాట, నాట్యం, ప్రదర్శన ఏదైనా సరే, బిచ్చానికి సాకుగానే లెక్కేసింది. ఆ చట్టం ఢిల్లీలో అమలు కాకుండా అందులోని ముఖ్యమైన సెక్షన్లను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. న్యూయార్క్ వీధి ప్రదర్శనల మీద 1936లో పెట్టిన నిషేధాన్ని 1970లో ఎత్తేసింది. లండన్ భూగర్భ రైల్వే స్టేషన్లలో 2003 నుంచి లైసెన్సులిచ్చి, పాడుకోవడానికి చోట్లు గుర్తించి పెట్టారు. అక్కడ రైళ్లేమీ ఆగిపోలేదు.

మా వల్ల ఇబ్బందే లేదని నేను అనను. మైకు పెట్టి గంటలకొద్దీ అదే పాట వినిపిస్తే ఎదురింట్లో ఉండేవాళ్లకు నరకమే. దారికి అడ్డంగా జనం మూగితే అంబులెన్స్ ఎలా పోతుంది? వీటికి నిబంధనలు ఉండాల్సిందే. ఏ చోట, ఏ వేళ, ఎంతసేపు ఆడాలో రాయండి. ఒకే చోటికి నలుగురు వస్తే వంతులు మేమే వేసుకుంటాం. కానీ ఆ నిబంధనలు రాసే ముందు మమ్మల్నీ ఒకసారి పిలవండి. తాడు ఎంత వెడల్పున పరవాలో, నడిచేవాళ్లకు ఎంత జాగా వదలాలో రోజూ కొలిచేది మేమే.

అప్పటిదాకా అధికారులకు నా మనవి ఒక్కటే. మమ్మల్ని లేపాల్సి వస్తే, ఆఖరి అంశం అయ్యాక లేపండి.

ఇట్లు,
ఒక వీధి కళాకారుడు