పాత వాహనాల సంఖ్య ఎక్కడిదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పాత కారో, మోటారుసైకిలో వేలంలో పెద్ద ధర పలికినప్పుడల్లా పత్రికల్లో వచ్చే వార్తలో "ప్రపంచం మొత్తం మీద ఇన్నే తయారయ్యాయి" అన్న వాక్యం ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ అంకె కంపెనీ ఖాతా పుస్తకంలో ఉన్నదా, ఎవరైనా లెక్కగట్టి చెప్పినదా, లేక అమ్మేవారి కరపత్రంలోంచి ఎత్తి రాసినదా అన్నది మాత్రం కనిపించదు. అరుదైనదన్న పేరు మీదే ధర నడిచే వ్యాపారంలో ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

పెద్ద కంపెనీల బండ్లతో పేచీ లేదు. 2003లో మెక్సికోలో చివరి ఫోక్స్‌వాగన్ బీటిల్ బయటికి వచ్చేసరికి మొత్తం 2,15,29,464 అని చివరి అంకె దాకా లెక్క తేలింది. చిక్కంతా మూతపడిన, చేతులు మారిన, కాగితాలు తడిసో కాలిపోయో పోయిన చిన్న కర్మాగారాలతోనే. వాటి విషయంలో చాలాసార్లు మనకు మిగిలే ఆధారం బండి మీద కొట్టిన నంబరు ఒక్కటే.

నంబర్లను బట్టి మొత్తాన్ని అంచనా వేసే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకుంది. చేజిక్కిన జర్మన్ ట్యాంకుల భాగాల మీది వరుస సంఖ్యలు చూసి, 1942 ఆగస్టులో తయారైనవి 327 అని మిత్రరాజ్యాల గణాంక నిపుణులు తేల్చారు. గూఢచారుల సమాచారం 1,550 అంది. యుద్ధం ముగిశాక చూసిన జర్మన్ రికార్డుల్లో 342 అని ఉంది. సూత్రం సులువే. ఒక మోడల్‌వి ఐదు మోటారుసైకిళ్లు దొరికాయనీ, వాటిలో అన్నిటికన్నా పెద్ద నంబరు 412 అనీ అనుకుందాం. 412ను ఐదుతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 412కు కలిపి, ఒకటి తీసేస్తే సుమారు 493 వస్తుంది. అయితే చూసినవి ఐదే కాబట్టి అసలు సంఖ్య 750 దాకా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదని అదే గణితం చెబుతుంది. వార్తలో 493 అచ్చవుతుంది, 750 అచ్చవదు. పైగా ఆ వరుస 1తో కాక 101తో మొదలైందని ఎవరైనా కనిపెడితే, 493 కాస్తా 373కు దిగిపోతుంది.

ఇక నంబర్లన్నీ వరుసగా ఉంటాయన్న హామీ ఏమీ లేదు. 1962లో వచ్చిన ఫెరారీ 250 జీటీఓ కార్లు 36 అని సాధారణంగా చెబుతారు. ఆ రోజుల్లో కంపెనీ ఈ తరహా కార్లకు బేసి సంఖ్యలే వేసేది, ఒకే వరుసను పలు మోడళ్లకు పంచేది. ఇవేవీ తెలియకుండా సూత్రం పట్టుకుని కూర్చుంటే వచ్చే జవాబు ఎంత దూరం పోతుందో చెప్పనక్కర్లేదు. జాగ్వార్ ఎక్స్‌కేఎస్‌ఎస్ సంగతి ఇంకా విచిత్రం. 25 కార్లు తలపెట్టగా, 1957 ఫిబ్రవరిలో కోవెంట్రీ కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది పోయి 16 మిగిలాయి. పోయిన ఆ తొమ్మిదింటికి బదులు కొత్తగా తొమ్మిది కడతామని 2016లో కంపెనీయే ప్రకటించింది. ఇప్పుడు 16 అనాలా, 25 అనాలా?

నేను కొన్నేళ్లుగా పాత మోటారుసైకిళ్ల ఫ్రేము నంబర్లు నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాను. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర, మూడు నాలుగు పూతల రంగు కింద అణిగిపోయిన అంకెల మీద పలచటి కాగితం పరిచి పెన్సిలు రుద్దితే, కంటికి 3 అనిపించింది 8గా తేలిన సందర్భాలున్నాయి. పెద్ద నంబరు మీదే అంచనా అంతా నిలిచి ఉన్నప్పుడు, దాని మొదటి అంకె అలా మారితే పాత లెక్క చించి పారేయవలసిందే. అదీగాక, మిగిలిన బండ్లు చీటీలు కలిపి తీసినట్టు దొరకవు. పందేలకు వాడినవి విరిగి తుక్కుకు పోతాయి, మొదటి బండి, చివరి బండి అంటూ కొన్నిటిని జాగ్రత్తగా దాస్తారు. చివరివి ఎక్కువగా మిగిలితే ఈ సూత్రం మొత్తాన్ని పెంచి చూపుతుంది.

కాబట్టి మీ పత్రికలో ఇలాంటి సంఖ్య వేసేటప్పుడు అది ఖాతాలో ఉన్నదో, అంచనాయో ఒక్క మాటలో చెప్పాలనీ, అంచనా అయితే కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇవ్వాలనీ కోరుతున్నాను. ప్రభుత్వాలకూ ఒక విన్నపం ఉంది. వాహనాల నమోదు కార్యాలయాల్లో చెదలు పట్టిన పాత రిజిస్టర్లను చెత్తకింద తీసేసే ముందు వాటిని అభిలేఖాగారాలకు అప్పగించాలి. యజమానుల పేర్లు కప్పేసినా ఇబ్బంది లేదు. ఫ్రేము నంబరు, ఇంజిను నంబరు, నమోదు తేదీ ఉన్న గడులు కనబడితే చాలు, కర్మాగారంలో నంబరు ఏ నెల నాటికి ఎంతదాకా నడిచిందో వాటి నుంచి పట్టుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు