సర్వసభ్య సమావేశం సజావుగా జరిగేది ఎప్పుడు? నగర మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర మేయర్ గారికి,

మా కాలనీ నివాసులందరి తరఫున నమస్కరించి రాస్తున్న లేఖ ఇది. మా వీధి మంచినీటి పైపు విషయంపై ఇప్పటికి మూడుసార్లు మీ కార్యాలయంలో వినతిపత్రాలు ఇచ్చాం. మూడింటిపైనా ఇన్‌వర్డ్ ముద్ర పడింది, మూడింటి నకళ్లూ మా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. స్వయంగా కలిసి చెప్పుకుందామని రెండుసార్లు వచ్చినప్పుడు, మీరు ఒకసారి ప్రారంభోత్సవానికీ, మరోసారి ఎవరికో స్వాగతం పలకడానికీ వెళ్లారని పేషీలో చెప్పారు. అందుకే మీతో మాట్లాడాల్సిన మాటలు నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

మా సమస్య చూడటానికి చిన్నది. మా వీధి పొడవునా, సుమారు 140 మీటర్ల మేర, మంచినీటి పైపు మురుగు కాలువలోంచి వెళ్తోంది. మొదట అలా వేయలేదు. రోడ్డును వెడల్పు చేసినప్పుడు కాలువను పక్కకు జరిపారు, పైపును ఉన్నచోటే వదిలేశారు. దాంతో కాలువే పైపు మీదికి వచ్చింది. మా ఇంటి ముందు పలక ఎత్తి చూస్తే, నల్లటి నీళ్లలో మునిగీ మునగని పైపు జాయింటు, దానికి సైకిలు ట్యూబుతో బిగించి కట్టిన గుడ్డ కనిపిస్తాయి. అది నిరుడు ఫిట్టరు వేసిన తాత్కాలిక కట్టు. నీళ్లు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక ఆ సందులోంచి మంచినీరు కాలువలోకి పోతుంది. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ, అదే సందులోంచి కాలువ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలిన రోజున మొదటి పది నిమిషాలూ మా కుళాయిల్లో వచ్చేది ఆ నీరే. రోజంతా ఒత్తిడితో సరఫరా ఉండే ఊళ్లలో ఈ బాధ తక్కువ. రోజు విడిచి రోజు గంటసేపు వదిలే మాలాంటి చోట మాత్రం ప్రతి లీకేజీ నుంచీ మంచినీరు బయటికి పోతుంది, మురుగు లోపలికి వస్తుంది. మాలో కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగడం వల్ల ఇది ఇంకా ఎక్కువవుతోందన్న మాటా నిజమే. ఆ తప్పు మాదేనని కాలనీ సమావేశంలో ఒప్పుకుని పదకొండు ఇళ్లలో మోటార్లు తీయించాం. పైపు మార్చడం మాత్రం మా చేతిలో లేదు.

తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో, మురుగు కలిసిందనడానికి సూచనగా చూసే కోలీఫాం బ్యాక్టీరియా జాడే ఉండకూడదు. క్లోరిన్ కలిపిన నీరు కుళాయి దాకా వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మొన్న వేసవిలో నగరపాలక సంస్థ సిబ్బందే వచ్చి, నీటిలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపే క్లోరోస్కోపుతో పరీక్షించారు. ట్యాంకు దగ్గర పట్టిన నీటిలో పసుపు రంగు తేలింది, మా కుళాయి నీటిలో ఏ రంగూ రాలేదు. పరీక్షించిన కుర్రాడు ఆ గాజు గొట్టాన్ని వెలుతురుకేసి పట్టుకుని రెండుసార్లు ఊపి చూసి, "కాచి తాగండి సార్" అని చెప్పి, రిజిస్టరులో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచీ కాచుకునే తాగుతున్నాం. అయితే క్లోరిన్ లేదని తేలిన తర్వాత నగరపాలక సంస్థ చేసిన పని, ఆ సంగతి మాకు చెప్పడం ఒక్కటే.

అలాగని సిబ్బంది అసలు కదల్లేదంటే అన్యాయం అవుతుంది. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు వచ్చి కొలతలు తీసుకున్నారు, కాలువకు దూరంగా కొత్త పైపు వేయడానికి అంచనా తయారు చేశారు. ఆ ప్రతిపాదన కౌన్సిల్ ఆమోదానికి వెళ్లాలని చెప్పి, సర్వసభ్య సమావేశం అజెండాలో 43వ అంశంగా చేర్చారు. ఆ అజెండా పత్రం చేతికి వచ్చినప్పుడు మా వీధిలో ఎంత సంబరపడ్డామో మీకు తెలియదు. తొమ్మిది నెలలు గడిచాయి, 43వ అంశం ఇంకా 43వ అంశంగానే ఉంది.

మొదటి సమావేశం "అనివార్య కారణాల వల్ల" వాయిదా పడింది. ఆ కారణాలేమిటో నోటీసులో లేదు. రెండోదానికి కోరం, అంటే సభ జరపడానికి కావాల్సినంత మంది సభ్యులు, లేదన్నారు. మూడోదానికి నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. పదకొండు గంటలకని ప్రకటించిన సభకు మీరు పన్నెండు దాటాక వచ్చారు. సంతాప తీర్మానం అయింది, అభినందనలు అయ్యాయి, శాలువాలు కప్పుకోవడం అయింది. ఆ తర్వాత ఏ వేదికపై ఎవరికి కుర్చీ వేయలేదన్న ప్రోటోకాల్ గొడవ మొదలై రెండు పక్షాల కార్పొరేటర్లూ పోడియం దగ్గరికి చేరారు. ఆ కేకల మధ్యే, ముందుగా పంపకుండా అప్పటికప్పుడు సభ ముందు టేబుల్ అజెండాగా పెట్టిన ఏడు అంశాలు "ఆమోదం, ఆమోదం" అంటూ గడిచిపోయాయి. ఆ వెంటనే సభను వాయిదా వేస్తున్నట్టు ప్రకటించి మీరు లేచి వెళ్లారు. ఆ ఏడింటిలో ఒకటి కౌన్సిల్ హాలు ఆధునికీకరణ. జరగని సమావేశాలకు కొత్త కుర్చీలు ఎందుకో గ్యాలరీలో ఉన్న మాకు అర్థం కాలేదు.

మేయర్ గారూ, విలేకరులు అడిగినప్పుడల్లా మీరు చెప్పే సమాధానం మాకు తెలుసు. "మేయరుకు అధికారాలెక్కడున్నాయి, అన్నీ కమిషనర్ చేతిలోనే కదా" అంటారు. అందులో నిజం లేకపోలేదు. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కార్యనిర్వహణ అధికారాన్ని కమిషనర్‌కే ఇచ్చింది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో 18 అంశాలను చేర్చింది. వాటిలో 5వది నీటి సరఫరా, 6వది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం. కానీ 243-డబ్ల్యు అధికరణం వాటిని పట్టణ సంస్థలకు అప్పగించాలని శాసించకుండా, అప్పగించవచ్చని రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేసింది. కాబట్టి మీ చేతిలో ఉన్నది తక్కువేనని ఒప్పుకుంటాం. కానీ ఆ తక్కువలోనే అన్నిటికంటే పెద్ద పని ఒకటుంది. కౌన్సిల్‌ను సమావేశపరచి, సభను అదుపులో పెట్టి, అధికారుల చేత జవాబు చెప్పించి, నిర్ణయం తీసుకునేలా చూడటం మీ పని. ఆ కుర్చీలో మీరుండగా కమిషనర్ గానీ, శాసనసభ్యులు గానీ, మంత్రి గానీ మీ బదులు ఆ పని చేయలేరు. రోడ్డు మీద గుంత ఉంటే ఇంజినీర్లను అడుగుతాం, చెత్త బండి రాకపోతే శానిటరీ ఇన్‌స్పెక్టరును అడుగుతాం. సభ జరగకపోతే అడగాల్సింది మిమ్మల్నే.

పైగా అడగందే అమ్మయినా పెట్టదంటారు. అధికారాలు కావాలని, నిధులు కావాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతూ ఈ కౌన్సిల్ ఇంతవరకూ ఒక్క తీర్మానమైనా చేసిందా? చేసి ఉంటే మేము కూడా మీ వెనక నిలబడి సంతకాలు సేకరించేవాళ్లం. లేని అధికారాల గురించి విచారపడేవారు ఉన్న అధికారాన్ని వాడి చూపిస్తే ఆ విచారాన్ని నమ్మడం మాకు తేలికవుతుంది.

వార్డు కమిటీల సంగతీ ఇలాగే ఉంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 243-ఎస్ అధికరణంలో స్పష్టంగా చెబుతోంది. మన నగరం ఆ సంఖ్యను ఎప్పుడో దాటింది. మా డివిజన్‌లో కమిటీ ఉందా అని వార్డు సచివాలయంలో అడిగితే, అక్కడి ఉద్యోగి మర్యాదగానే "అలాంటిదేదీ మా దృష్టికి రాలేదండీ" అన్నారు. అలాంటి కమిటీ ఒకటి పనిచేస్తూ ఉంటే కాలువలోని పైపు సంగతి మీ బల్ల దాకా రావాల్సిన అవసరమే ఉండేది కాదేమో.

ఇక పన్నుల మాట. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది ఆస్తి పన్ను మొత్తం కట్టిన వారికి 5 శాతం రాయితీ ఇస్తారు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు. 2021 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో పన్ను లెక్క అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీదికి మారాక, మా పన్ను ఏటా కొంత పెరుగుతూనే ఉంది. దాని మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోను. నా ఫిర్యాదు వేరు. గడువంటే ఏమిటో నగరపాలక సంస్థకు బాగా తెలుసు. మేము ఒక్క రోజు ఆలస్యం చేసినా ఎంత కట్టాలో కంప్యూటరే లెక్క కట్టి చూపిస్తుంది. తొమ్మిది నెలలుగా నిర్ణయం కాని ప్రతిపాదనకు మాత్రం ఏ కంప్యూటరూ వడ్డీ కట్టదు. ఆ వడ్డీని మా ఇళ్లలో పిల్లలు వాంతులు, విరేచనాలతో కడుతున్నారు.

ఇంకొక్క మాట, విషయానికి దగ్గరిదే కనుక చెబుతున్నాను. వానలకు ముందు మా కాలువలో పూడిక తీశారు. తీసిన పూడికను గట్టు మీదే కుప్పలుగా వదిలి వెళ్లారు, మొదటి వానకే అది మళ్లీ కాలువలోకి చేరింది. తీసిన కార్మికుల చేతులకు తొడుగులు లేవు. పొరుగు సేవల కింద పనిచేసే ఆ మనుషుల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. పూడిక తీసినందుకు బిల్లు పాసైందా, ఎత్తి తరలించినందుకు కూడా పాసైందా అన్న చిన్న ప్రశ్నను ఒక కార్పొరేటరు సభలో అడిగి ఉంటే బాగుండేది. అడగడానికి సభంటూ జరిగితే కదా.

243-యు అధికరణం ప్రకారం కౌన్సిల్ గడువు తొలి సమావేశం తేదీ నుంచి ఐదేళ్లు. అందులో సగానికి పైగా అయిపోయింది, ఇలాగే ఉంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మేము మిమ్మల్ని రాజీనామా చేయమనడం లేదు, ధర్నాకు దిగుతామని బెదిరించడమూ లేదు. వచ్చే సర్వసభ్య సమావేశం తేదీని ఈ నెలలోగా ప్రకటించండి. అజెండాను వారం ముందుగా వార్డు సచివాలయాల్లో అంటించే ఏర్పాటు చేయండి. వాయిదా పడిన పాత అంశాలను టేబుల్ అజెండా కంటే ముందు చర్చకు పెట్టండి. శాలువాల కార్యక్రమం సభ ముగిశాక చివర్లో పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు, మేమూ చప్పట్లు కొడతాం.

ఆ రోజు మా వీధి నుంచి ఆరుగురం సందర్శకుల గ్యాలరీలో ఉంటాం. కార్యదర్శి గారు 43వ అంశం చదివేదాకా లేచి వెళ్లం. ఆ ఉదయం మొదటి పది నిమిషాల్లో మా కుళాయిలో పట్టిన నీటిని ఒక సీసాలో తెచ్చి, సభ మొదలయ్యే ముందే మీ పేషీలో ఇస్తాం. చర్చ జరిగేటప్పుడు దాన్ని మీ బల్ల మీద ఉంచుకోవాలని మనవి.

భవదీయులు,
కాలనీ నివాసుల తరఫున ఒక పన్ను చెల్లింపుదారు