నాన్నగారికి, కీబోర్డు గురించి

మ్యూనిక్

నాన్నగారికి నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయని తలుస్తాను.

మొన్న ఫోన్లో కంప్యూటర్ మళ్లీ పాడైందనీ, వచ్చిన కుర్రాడు రెండు నిమిషాలు చూసి ఐదొందలు పట్టుకుపోయాడనీ చెప్పారు. ఏం చేశాడయ్యా అంటే ‘ఏదో నొక్కాడు’ అన్నారు. ఎక్సెల్‌లో బాణం కీలు నొక్కితే గడి మారకుండా షీటంతా జరిగిపోతోందనే కదా మీ బాధ? అది స్క్రోల్ లాక్. ఎప్పుడో చెయ్యి తగిలి ఆన్ అయివుంటుంది, అతను ఇంకోసారి నొక్కి ఆఫ్ చేసుంటాడు. ఈసారి అలా అయితే షీటు అడుగున చూడండి, స్క్రోల్ లాక్ అని అక్షరాలా రాసి ఉంటుంది.

మీరు పాడైందనుకునేవాటిలో సగం ఇలాంటివే. కుడిపక్క అంకెలు పడకపోతే నమ్ లాక్ ఆఫ్ అయినట్టు. బ్యాంకు పాస్‌వర్డ్ సరిగానే కొట్టినా తప్పంటుంటే ముందు క్యాప్స్ లాక్ చూడండి. మూడుసార్లు కొట్టి అకౌంట్ లాక్ చేసుకుని టెన్షన్ పడకండి. మధ్యలో ఒక మాట చేర్చబోతే ముందున్న అక్షరాలు మాయమవుతున్నాయంటే ఇన్సర్ట్ కీ తగిలినట్టు. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే కూత పెట్టి స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది. మీకు అక్కర్లేదు, నో అనండి. కానీ ఎదురింటి మామీకి ఎడమచెయ్యి సరిగా ఆడదు కదా, ఆవిడకు చెప్పండి. రెండు కీలు కలిపి పట్టుకోలేనివాళ్ల కోసమే అది పెట్టారు. షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేసి, తర్వాత అక్షరం నొక్కినా చాలు.

అసోసియేషన్ లెక్కలకు ఎక్సెల్‌లో రెండే నేర్చుకోండి. కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కితే ఈరోజు తేదీ పడుతుంది. అంకెల కింద గడిలో నిలబడి ఆల్ట్, ఈక్వల్ కలిపి నొక్కి ఎంటర్ కొడితే మొత్తం వచ్చేస్తుంది. మెయింటెనెన్స్ లెక్క క్యాలిక్యులేటర్‌లో కూడి మళ్లీ ఎక్కించడం ఇక ఆపండి, మీకు పుణ్యముంటుంది. ఏది పొరపాటున చెరిగినా కంట్రోల్ జెడ్. ఇక్కడి జర్మన్ కీబోర్డుల్లో వై ఉండాల్సిన చోట జెడ్ ఉంటుంది, కంట్రోల్ బదులు స్ట్రగ్ అని రాసి ఉంటుంది. ఆఫీసులో చేరిన కొత్తలో నా వేళ్లు నా మాట వినేవి కావు.

విండోస్ కీ, వి కలిపి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయి. మొదటిసారి ఆన్ చేయమంటుంది. పాతిక దాకా దాస్తుంది కాబట్టి పాస్‌వర్డులు మాత్రం కాపీ చేయకండి. కాఫీకి లేచేటప్పుడు విండోస్, ఎల్ నొక్కి స్క్రీన్ లాక్ చేసి లేవండి. మీ మనవడి సంగతి తెలిసిందేగా.

ఇక తెలుగు. నోటీసులు తమిళంలో, బంధువులకు ఉత్తరాలు తెలుగులో రాయాలి, రెండు కీబోర్డులు ఈ వయసులో ఎక్కడ నేర్చుకోను అన్నారు. అక్కర్లేదు. మన ప్రభుత్వం 1986లో ఖాయం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో భాష మారినా అక్షరం చోటు మారదు. షిఫ్ట్ డి నొక్కితే అ, సి నొక్కితే మ, ఉత్త డి నొక్కితే పొల్లు, మళ్లీ సి. ‘అమ్మ’ వచ్చేసింది. విండోస్, స్పేస్‌బార్ నొక్కి తమిళానికి మారి అవే నాలుగూ కొట్టి, చివర దీర్ఘానికి ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం కీ నొక్కండి, తమిళం అమ్మా సిద్ధం. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. అక్కడి కుర్రాళ్లు తమిళ్99 అనే ఇంకో అమరిక నేర్చుకోమంటారు. తమిళం ఒక్కటే రాసేవాళ్లకు అది బాగుంటుంది, మీకు మాత్రం ఇదే మేలు. రెండు భాషలూ ముందు సెట్టింగ్స్‌లో చేర్చుకోవాలి, అది ఆదివారం వీడియో కాల్‌లో నేను చూపిస్తాను.

కొత్త కీబోర్డు కావాలంటే మీ చెన్నైలో కంప్యూటర్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌కు మీరే వెళ్లండి, ఆ కుర్రాడితో తెప్పించకండి. వైరుది చాలు. కుడిపక్క అంకెలున్నది తీసుకోండి. ఎఫ్, జె కీల మీద చిన్న గీత వేలికి గట్టిగా తగలాలి. చూపుడువేళ్లు అక్కడ ఆనితే కిందికి చూడకుండానే కొట్టొచ్చు. అట్టపెట్టె విప్పించి, నొక్కి చూసి మరీ తీసుకోండి.

అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
మీ చిన్నవాడు