భయపెట్టడమే నా పని, అయినా ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో హారర్ సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. దానికి స్పందనగా బుధవారం అచ్చయిన రెండు లేఖలూ చదివాను. ఈ సినిమాలు చూస్తే పిరికితనం పోతుందని వ్యాసకర్త అన్నారు. వీటిని మొత్తానికే ఆపేయాలని లేఖలు రాసినవారు అన్నారు. నేను ఇరవై రెండేళ్లుగా సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తున్నాను. అందులో సగానికి పైగా దెయ్యాల సినిమాలే. మా ఆవిడ ఎప్పుడూ అన్నట్టు, మేం తినే కూడు అది. కాబట్టి ఆపేయమని నేననను. కానీ పిరికితనానికి మందు అన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు.

ముందు మా పని సంగతి. భయం తెర మీద కంటే చెవిలో ఎక్కువ పుడుతుంది. మీకు బాగా భయమేసిన సీన్ ఏదైనా ఈసారి మ్యూట్‌లో పెట్టి చూడండి. ఒక మనిషి తలుపు దాకా నడుస్తుంటాడు, అంతే. ఆ తలుపు రాకముందే మేం గదిలోని చిన్న చిన్న చప్పుళ్లను ఒక్కొక్కటే తీసేస్తాం. ముందు ఫ్యాన్ హోరు, తర్వాత కీచురాళ్లు, ఆఖరికి గడియారం. ఏం తగ్గిందో ప్రేక్షకుడికి తెలియదు గానీ తనకు తెలియకుండానే చెవులు రిక్కిస్తాడు. అప్పుడు వేస్తాం దెబ్బ. ఆ ఉలికిపాటుకు ఆలోచనతో పనిలేదు. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేసరికే రెప్పలు మూతపడడం మొదలవుతుంది. 'ఇది సినిమాయే' అని బుర్ర చెప్పేలోపు ఒళ్లు ఎగిరిపడిపోయి ఉంటుంది.

డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త మార్మట్ అనే జంతువుల మీద పరిశోధన చేస్తుంటాడు. ఉడుత జాతివే గానీ చాలా పెద్దవి. వాటి పిల్లలు బెదిరి అరిస్తే గొంతు చీలి గరగరమంటుంది. 2010లో ఆయన, సహచరులు సినిమాల సౌండ్‌ట్రాక్‌లు పరిశీలిస్తే హారర్ సినిమాల్లో అలా చీలిన అరుపులు బాగా కనిపించాయి. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వయొలిన్ తీగల మీద కమాను బరబరా గీయించి మేం చేసే పని అదేనన్నమాట. ఎక్కడో ఒక పసికూన ఏడుస్తోందని వినేవాడి ఒంటికి అబద్ధం చెప్తున్నాం.

మరి జనం టికెట్ కొని ఎందుకొస్తారు? డాల్ఫ్ జిల్‌మన్ అనే మనస్తత్వవేత్త ఇచ్చిన వివరణ నాకు నచ్చుతుంది. గుండె దడ ఒక్కసారిగా ఆగిపోదు. గండం గడిచాక కూడా ఒంట్లో ఆ ఉద్రేకం కాసేపు మిగిలే ఉంటుంది. అది వెనకాలే వచ్చే ఊరటకు తోడై, ఆ ఊరటను మామూలు కంటే పెద్దది చేస్తుంది. అందుకే హాల్లో పెద్ద కేక తర్వాత పెద్ద నవ్వు వినిపిస్తుంది. ఎన్ని వందల షోలలో విన్నానో!

ఈ వింత మన పెద్దలకూ కొత్త కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. దాన్ని వివరించడానికి, ఆ గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు ఎత్తుకున్నది, కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడి రథం ముందు మెడ తిప్పి చూస్తూ పరుగెత్తే లేడి శ్లోకాన్ని. చూసేవాడు ఆ భయాన్ని 'నాది' అనుకోడు, అందుకే దాన్ని రుచి చూడగలడు.

డెన్మార్క్‌లో దెయ్యాల కొంప లాంటి ఒక వినోద కేంద్రంలో 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి లోపలికి పంపారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. భయం మరీ తక్కువైనా సరదా లేదు, మరీ ఎక్కువైనా లేదు.

ఇంతకీ ఆ రుచి ఎంతసేపు? పగ్గం చూసేవాడి చేతిలో ఉన్నంతసేపే. కళ్లు మూసుకోవచ్చు, పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. 1992లో బ్రిటన్‌లో బీబీసీ ఒక దెయ్యం కథను లైవ్ కార్యక్రమంలా తీసి ప్రసారం చేసింది. యాంకర్లు కూడా జనానికి తెలిసిన మొహాలే. అది చూశాక ఇద్దరు పదేళ్ల పిల్లలు తీవ్రమైన మానసిక ఆఘాతానికి గురయ్యారని 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్లు రాశారు. కథ అని తెలియకపోతే పగ్గం తెగినట్టే.

నాకు ఇది కాగితాల మీద తెలిసిన సంగతి కాదు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. బంధువుల ఇంట్లో పెద్దపిల్లలు ఏదో హారర్ సినిమా చూస్తుంటే తను పక్క గదిలో బొమ్మలేసుకుంటోంది. ఒక్క ఫ్రేము చూడలేదు, విన్నదంతే. వణుకుతూ నా దగ్గరికొచ్చింది. ఆ ఇంటి పెద్దాయన "కూర్చోబెట్టి చూపించవయ్యా, ధైర్యం అదే వస్తుంది" అన్నారు. నేను కాదనలేదు. అన్నీ తెలిసినవాణ్ణి కూడా కాదనలేదు. నా ఒళ్లో పావుగంట కూర్చుని చూసింది. ఆ తర్వాత ఏడు నెలలు రాత్రిపూట ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లలేదు.

అంతా ఉత్తిదేనని చూపిద్దామని స్టూడియోకి తీసుకెళ్లాను. ఎముక విరిగిన శబ్దం ఎలా వస్తుందో మైకు ముందు క్యారెట్ విరిచి వినిపించాను. పడీ పడీ నవ్వింది. ఆ రాత్రి మళ్లీ మా గదిలోకే వచ్చింది. "నాన్నా, అది క్యారెట్టేనని నాకు తెలుసు. నా చెవులకి తెలీట్లేదు" అంది. ఇరవై రెండేళ్ల అనుభవానికి అంతకంటే సూటి సమాధానం దొరకదు. పిల్లల భయాల మీద పనిచేసిన జోయన్ కాంటర్ చెప్పేదీ ఇదే. మరీ చిన్నపిల్లలకు 'నిజం కాదు' అన్న మాట పనిచేయదు. దగ్గరికి తీసుకోవడం, దీపం వేసి ఉంచడం పనిచేస్తాయి. మా అమ్మాయి దగ్గర ఇంకొకటి కూడా పనిచేసింది. మిక్సింగ్ బల్ల మీద ఫేడర్, అంటే శబ్దాన్ని పెంచే తగ్గించే మీట, తన చేతికిచ్చి, కేక రాగానే తనే కిందికి లాగేలా చేశాను. నాలుగుసార్లు లాగింది. ఐదోసారి వదిలేసి విన్నది. భయం ఆ రోజుతో పోయిందని చెప్పను, కానీ అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది.

1999లో కాంటర్, హారిసన్ కలిసి కాలేజీ విద్యార్థులను అడిగినప్పుడు, చిన్నప్పుడో టీనేజీలోనో చూసిన సినిమాకో టీవీ కార్యక్రమానికో బాగా భయపడ్డామని పదిమందిలో తొమ్మిదిమంది చెప్పారు. సుమారు నాలుగో వంతు మందిలో ఆ బెదురు అప్పటికీ మిగిలే ఉంది. కరోనా కాలంలో హారర్ అభిమానులు మిగతావాళ్లకంటే కాస్త నిబ్బరంగా ఉన్నారని 2021లో వచ్చిన అధ్యయనాన్ని మీ వ్యాసకర్త గొప్పగా ఉదహరించారు. అది నిజమే. కానీ వాళ్లంతా ఇష్టపడి ఆ సినిమాలు చూసే పెద్దవాళ్లు. సినిమాల వల్ల నిబ్బరం వచ్చిందో, నిబ్బరం ఉన్నవాళ్లే ఆ సినిమాలకు వెళ్తారో అందులో తేలలేదు. దాన్ని పట్టుకుని ఎనిమిదేళ్ల పిల్లను టీవీ ముందు కూర్చోబెట్టమనడం ఎలా కుదురుతుంది?

చివరగా మీకో విన్నపం. ఆ వ్యాసానికి మీరు వేసిన బొమ్మ, జుట్టు విరబోసుకున్న ఆ తెల్లకళ్ల మొహం, సరిగ్గా పిల్లల పేజీకి ఎదురుగా వచ్చింది. మా అమ్మాయి దాని మీద తన నోటు పుస్తకం బోర్లించి, అప్పుడు పదకేళి పూర్తి చేసింది. ఈసారి అలాంటి బొమ్మ వేయాల్సి వస్తే క్రీడల పేజీ వైపు వేయండి.

ఇట్లు,
ఒక సౌండ్ ఇంజనీర్