విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో లేబుల్ మీదే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

వాషింగ్ మెషిన్ పాడైతే బాగు చేయించుకోవాలా, కొత్తది కొనుక్కోవాలా అన్నది ప్రతి కుటుంబమూ తన ఆదాయాన్ని, యంత్రం వయసును చూసుకుని తేల్చుకోవలసిన విషయం. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ నిర్ణయం చాలా ఇళ్లలో కుటుంబం చేతిలో లేదు. విడిభాగం ఉందో లేదో చెప్పే కంపెనీ మాటే చివరి మాట అవుతోంది.

నీళ్లు బయటికి పోకపోతే డ్రెయిన్ పంపు, టాప్‌లోడ్ మెషిన్ మూలుగుతూ తిరగకపోతే బెల్టో కెపాసిటరో, పిండేటప్పుడు విపరీతంగా ఊగిపోతుంటే సస్పెన్షన్ రాడ్లు మారుస్తారు. వీటిని కాలనీ మెకానిక్ ఇంటికి వచ్చి సరిచేయగలడు, ఇలాంటి లోపాలకు కొత్త మెషిన్ కొనవలసిన పని లేదు. అసలు చిక్కు ఖరీదైన ఫ్రంట్‌లోడ్ మెషిన్లతో వస్తోంది. కొన్ని మోడళ్లలో ప్లాస్టిక్ టబ్బు రెండు సగాలనూ విప్పడానికి వీలు లేకుండా అతికించేస్తున్నారు కనుక, సీలు అరిగి నీరు చేరి బేరింగ్ తుప్పు పట్టినప్పుడు, ఆ బేరింగ్ చవకదే అయినా టబ్బు మొత్తం కొనవలసి వస్తుంది. మెషిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు సంగతీ అంతే. తేమ తగలకుండా దాని మీద పోసిన జిగురు పూత వల్ల పాడైన చిన్న భాగాన్ని వెతికి మార్చడం కష్టం. కంపెనీ వాళ్లు బోర్డంతా మార్చాలంటారు, మోడల్ ఆగిపోయింది కనుక ఆ బోర్డు రాదనీ వారే అంటారు.

మల్కాజిగిరిలోని మా ఇంట్లో జరిగిందిదే. మోటారు నిక్షేపంగా ఉందని, దానికి పదేళ్ల వారంటీ ఇంకా నడుస్తోందని చెప్పిన సర్వీస్ సెంటర్ వారే, బోర్డు దొరకదు కాబట్టి ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకొమ్మని సలహా ఇచ్చారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే ఆ పదేళ్లు మోటారుకు మాత్రమే వర్తిస్తాయని కొనేటప్పుడు ఎందరికి తెలుస్తుంది? బోర్డు ఆజ్ఞ ఇవ్వనిదే ఆ మోటారు తిరగదు.

మన నగరంలో ఈ బాధ మరింత ఎక్కువ. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు చాలని కాలనీలు బోర్ల మీద, ట్యాంకర్ల మీద ఆధారపడతాయి. ఆ కఠిన జలంలోని సున్నం హీటరు మీద పొరలు కడుతుంది, నీళ్లు లోపలికి వచ్చే వాల్వు జాలీని పూడుస్తుంది. బాల్కనీలో పెట్టిన మెషిన్లలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పైగా మెషిన్ ఆగిన రోజు నుంచే బట్టలు గుట్టపడతాయి, ఆ చాకిరీ ఇంట్లోని ఆడవాళ్ల మీదో పనిమనిషి మీదో పడుతుంది. ఆ తొందరలో ఎవరూ విడిభాగం కోసం నెలల తరబడి ఎదురుచూడలేరు, షోరూముకే వెళతారు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై 2022 జులైలో కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, వాహనాలతో పాటు గృహోపకరణాలనూ పరిశీలనలోకి తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో కంపెనీల మరమ్మతు వివరాలను ఒకచోట చూపే పోర్టల్ కూడా తెచ్చింది. ఏ వస్తువును ఎంత తేలిగ్గా బాగు చేయించుకోవచ్చో చెప్పే మరమ్మతు సూచీపై 2025 మేలో నివేదిక అందినా, అందులో తొలి ప్రాధాన్యం ఫోన్లకు, ట్యాబ్లెట్లకే దక్కింది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత మెషిన్లను పునశ్శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టాయి గానీ, విడిభాగాలు ఎన్నేళ్లు అమ్మాలో నిర్దేశించలేదు. ఐరోపా సమాఖ్యలో మాత్రం 2021 మార్చి నుంచి ఆ గడువు ఉంది. మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా పదేళ్ల పాటు మోటారు, పంపు, బేరింగ్, బోర్డు వంటివి మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలి, అడిగిన 15 పనిదినాల్లోగా పంపాలి. అక్కడ అమ్మే మెషిన్లకు సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదో కంపెనీలు చెప్పాలి.

మన దేశంలో ఏసీల మీద విద్యుత్తు పొదుపు నక్షత్రాల లేబుల్ తప్పనిసరి చేశాక, జనం నక్షత్రాలు లెక్కపెట్టి కొనడం నేర్చుకున్నారు. వాషింగ్ మెషిన్ మీద కూడా విడిభాగాలు ఏ సంవత్సరం వరకు దొరుకుతాయో, బోర్డు, టబ్బు, పంపు ధరలెంతో, బేరింగ్ విడిగా మార్చవచ్చో లేదో ముద్రించాలని కేంద్రం ఆదేశించాలి. రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ మేరకు కేంద్రానికి లేఖ రాయాలి. మల్లేపల్లి వంటి ఐటీఐలలో ఇన్వర్టర్ మోటార్లు, బోర్డుల మరమ్మతు నేర్పితే కాలనీ మెకానిక్‌లకు బతుకుదెరువు నిలుస్తుంది. అయితే కంపెనీలు సర్క్యూట్ పటాలు, విడిభాగాలు వారికీ అమ్మేలా చేయకుండా ఎంత శిక్షణ ఇచ్చినా వారి చేతులు కట్టేసినట్టే ఉంటుంది. విడిభాగం నిరాకరించిన వారి దగ్గర ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలని తోటి పాఠకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్