ర్యాంకు కాలమ్ తీసేసి పంపు

తమ్ముడూ,

నువ్వు పంపిన యూనివర్సిటీల లిస్టు చూశాను. అన్నీ ర్యాంకు వరసలోనే ఉన్నాయి. నీ సబ్జెక్టు ఎక్కడ బాగా చెబుతారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు.

ఈ ర్యాంకులు ఎలా పుట్టాయో తెలిస్తే నీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఇక్కడ అమెరికాలో యూఎస్ న్యూస్ పత్రిక 1983లో మొదటి లిస్టు వేసినప్పుడు కొలిచిందంటూ ఏమీ లేదు. ఏ కాలేజీలు మంచివని కాలేజీల ప్రెసిడెంట్లనే అడిగి, వాళ్లు చెప్పింది వరసగా పేర్చింది. తర్వాత లెక్కలు చాలా చేర్చారు గానీ, పెద్ద యూనివర్సిటీల స్కోరులో 20 శాతం ఇప్పటికీ తోటి సంస్థల పెద్దలు వేసే మార్కే. అన్ని కాలేజీల లోపలి సంగతి ఒక మనిషికి ఏం తెలుస్తుంది చెప్పు? పేరు విన్నదానికే మార్కు ఎక్కువ పడుతుంది. ఆ పేరు వచ్చిందేమో చాలావరకు పాత లిస్టు వల్లే. పైన ఉందని బాగా చదివేవాళ్లు అక్కడికే అప్లై చేస్తారు, వాళ్లకోసం కంపెనీలు వస్తాయి, విరాళాలూ అటే పోతాయి. కొన్నాళ్లకు అది నిజంగానే మంచిదైపోతుంది. అందుకే ర్యాంకు ఉత్త అబద్ధమని కొట్టిపారేయలేం. చిక్కంతా అక్కడే.

2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఎవరికీ పెద్దగా తెలియని 48 పాటలు, 14 వేలమందికి పైగా శ్రోతలు. వాళ్లను వేర్వేరు గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపించేలా పెట్టారు. ఒక గుంపులో పైకెక్కిన పాట ఇంకో గుంపులో ఎక్కడో కింద పడి ఉంది! మరీ మంచివి మునగడం, మరీ నాసివి తేలడం అరుదు. మధ్యలో ఉన్నవాటి గతే ఎటైనా తిరిగింది. నీ లిస్టులో చాలా భాగం ఆ మధ్యవే.

2022లో అదే యూఎస్ న్యూస్ లిస్టులో కొలంబియా యూనివర్సిటీ 2వ ర్యాంకు నుంచి 18కి జారింది. అది ఇచ్చిన లెక్కల్లో తేడాలున్నాయని అక్కడి గణితం ప్రొఫెసర్ మైకేల్ థాడియసే బయటపెట్టాడు. అవే క్లాసులు, అదే లైబ్రరీ, చదువేమైనా పదహారు మెట్లు దిగిందా?

నాన్న ముందు నంబరే అడుగుతారు, తెలుసు. ఆయనతో నేను మాట్లాడతాను. నువ్వు ఒక్కో డిపార్ట్‌మెంటులో నీకు కావలసిన కోర్సు ఎవరు చెబుతున్నారో, అక్కడ చదివినవాళ్లు ఎక్కడ ఉద్యోగాల్లో చేరారో కనుక్కుని లిస్టు మళ్లీ రాయి. ర్యాంకు కాలమ్ తీసేసి పంపు.

అమ్మను అడిగానని చెప్పు.

అక్క